ఆరేళ్ళ పసివానికి ఓవర్‌టైమా?

పనిగంటల ప్రశ్న మన ఉద్యమంతో పాటే పుట్టినది. 1886లో చికాగో కార్మికులు నెత్తురు ధారపోసినది ఎనిమిది గంటల పనిదినం కొరకే. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి ప్రభుత్వం చేత అంగీకరింపజేసిన ప్రధానాంశం పది గంటల డ్యూటీ. ఆ హామీ అమలు కొరకు ఆపైన ఎన్ని పోరాటాలు జరపవలసి వచ్చినదో ఈ పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. విశ్రాంతి ఒకరు దయతలచి ఇచ్చేది కాదనీ, అది హక్కనీ మనకు తెలుసు. ఇంత తెలిసిన మనమే డ్యూటీ దిగి ఇంటికి చేరగానే ఒకటవ తరగతి చదివే బిడ్డను పిలిచి, "హోంవర్కు అయినదా?" అని అడుగుతున్నాము.

ఒకసారి లెక్క వేసి చూడండి. ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం నాలుగు వరకు బడి. మధ్యాహ్నం భోజనానికి అరగంట తీసివేయండి. ఐదింటికి ట్యూషను, గంటన్నర. రాత్రి ఇంటిపని ఒక గంట. మొత్తం రోజుకు తొమ్మిది గంటలు, వారానికి ఆరు రోజులు, వెరసి యాభైనాలుగు గంటలు. రైల్వే పనిగంటల నిబంధనలలో ఎడతెగని ఒత్తిడి కలిగించే పనిని 'ఇంటెన్సివ్' అని వర్గీకరించి వారానికి 42 గంటల ప్రమాణం నిర్ణయించినారు. అనగా సెక్షను కంట్రోలరు కన్న ఆరేళ్ళ పసివాడు వారానికి పన్నెండు గంటలు అదనంగా పనిచేస్తున్నాడు. వానికి ఓవర్‌టైము భత్యం లేదు, రెస్టు గివరు లేడు, ఫిర్యాదు చేసుకొనడానికి యూనియనూ లేదు.

ఇక్కడ వివాదం గంటలతోనే ముగియదు. ఆ గంటలలో ఆ బిడ్డ చేత ఏమి చేయిస్తున్నారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఒకటి నుండి నూరు వరకు గడగడ అప్పజెప్పే పిల్లవానిని, "ఏడు చింతగింజలు తెచ్చి ఇవ్వు" అని అడిగి చూడండి. పలువురు పిల్లలు తడబడతారు. ఏడు అనే పలుకు వానికి వచ్చినది, ఏడు అనే సంఖ్య ఇంకా రాలేదు. సంఖ్య నోటితో వచ్చేది కాదు. గింజలు పోగుచేసి, విడదీసి, మూడూ నాలుగూ కలిపినా, ఐదూ రెండూ కలిపినా అదే ఏడు వస్తున్నదని చేతితో పదిసార్లు చూచిన తరువాత వచ్చేది. చేయి చేసిన పనిని మెదడు నిలుపుకొంటుంది. ఏదో ఒక పనిముట్టు పట్టి బ్రతికే కార్మికునికి ఈ సంగతి వేరొకరు బోధించవలసిన పని లేదు. పాయింట్లు సరిచేయడం పుస్తకం వల్లెవేసి నేర్చిన గాంగ్‌మన్ ఎవరైనా ఉన్నాడా?

ఆట అనగానే చదువుకు విరామమనీ, చదువుకు ముందు చూపే మిఠాయి అనీ అనుకొనడం మనలో పాతుకుపోయిన భ్రమ. చిన్నపిల్లల విషయంలో ఆటయే చదువు జరిగే తీరు. ఇందుకు రైల్వే కార్మికులు ముచ్చటపడదగిన ఉదాహరణ ఒకటున్నది. జపాను రాజధాని టోక్యోలో 1937లో సోసాకు కొబయాషి అనే విద్యావేత్త 'తొమోయె' అనే చిన్న పాఠశాల స్థాపించినాడు. వాడుకలో లేని రైలు పెట్టెలే అక్కడి తరగతి గదులు. ఆ బడిలో చదివిన తెత్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన జ్ఞాపకాల గ్రంథం 'రైలుబడి' అనే పేరుతో తెలుగులోకి కూడా వచ్చినది. ఉదయం ఉపాధ్యాయిని ఆ రోజు చేయవలసిన పాఠాలన్నీ నల్లబల్ల మీద వ్రాసేది. ఏది ముందు, ఏది వెనుక అన్న నిర్ణయం పిల్లలదే. లెక్కలంటే ఇష్టమున్నవాడు లెక్కలతోను, బొమ్మలంటే ఇష్టమున్న పిల్ల బొమ్మలతోను మొదలుపెట్టేవారు. ఎవరికి దేనియందు ఆసక్తి, ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది ఉపాధ్యాయులకు ఆ విధంగానే తెలిసివచ్చేది.

ఆ గ్రంథంలో కొత్త పెట్టె వచ్చిన ఘట్టం నాకు మరువరానిది. బడికి మరొక రైలు పెట్టె వస్తున్నదని తెలిసి పిల్లలలో వాదం బయలుదేరినది. పట్టాలు బడి దాకా లేవు గదా, ఎట్లా వస్తుంది? బడి వరకు పట్టాలు వేస్తారన్నది ఒకరి ఊహ, మరొకరిది మరొకటి. కొబయాషి జవాబు చెప్పి పాఠం ముగించివేయలేదు. పెట్టె రాత్రివేళ వస్తుంది గనుక తలిదండ్రుల అనుమతితో పిల్లలను ఆ రాత్రి బడిలోనే పడుకోనిచ్చినాడు. తెల్లవారుజామున పిల్లలు లేచి చూచేసరికి ట్రాక్టరు లాగే బండి మీద పెట్టె వచ్చి ఉన్నది. దానిని దొర్లే మొద్దుల మీదుగా కార్మికులు నేలకు దించుతుంటే అందరూ నిలబడి చూచినారు. బరువు, రాపిడి, చక్రం ఇవన్నీ ఆ ఒక్క ప్రభాతంలో వారికి తెలిసినవి. అన్నిటికన్న మిన్నగా, ఇంత బరువైన పని మనుష్యుల శ్రమ వలన జరుగుతుందని తెలిసినది. 1945లో బాంబుదాడిలో ఆ బడి తగులబడిపోయినది.

జపాను దాకా పోనక్కరలేదు. గుజరాతులో భావనగర్ పట్టణాన గిజుభాయి బధేకా అనే న్యాయవాది వకీలు వృత్తి విడిచిపెట్టి 1920లో బాలమందిరం స్థాపించి, కథలతోను ఆటలతోను చిన్నపిల్లలకు చదువు చెప్పి చూపినాడు. ఆయన 'దివాస్వప్న' నేటికీ ఉపాధ్యాయులు చదువవలసిన చిన్న పుస్తకం.

మన శాఖల పనులలోనే ఎంత పాఠం దాగి ఉన్నదో మనం గమనించము. ఆర్.ఎం.ఎస్. సార్టరు గూళ్ళ ముందు నిలబడి ఉత్తరాలు వేరుచేసే పనిని తీసుకోండి. తరగతి గదిలో పాత అట్టపెట్టెలతో పది గూళ్ళు కట్టి, పిల్లల పేర్లు వ్రాసిన కాగితాలను మొదటి అక్షరాన్ని బట్టి వేయమనండి. వర్ణమాల వరుస, పోలిక, భేదం, వర్గీకరణ అన్నీ అందులో ఉన్నవి. మర్నాడు అవే కాగితాలను వీధిని బట్టి వేయమనండి. ఒకే వస్తువును రెండు విధాల వర్గీకరించవచ్చునన్న సంగతి, పెద్దలకే ఒక్కొక్కసారి తోచనిది, ఆరేళ్ళ పిల్లకు చేతికి అందుతుంది. గది మూలన ఎర్రరంగు వేసిన డబ్బా ఒకటి పెట్టి, పిల్లలు ఒకరికొకరు ఉత్తరాలు వ్రాసుకొనేటట్లు చేయండి. వ్రాయడం రాని వాడు బొమ్మ వేసి పంపుతాడు. జవాబు రావలెనన్న ఆత్రుతతో రెండు వారాలకు వాడే అక్షరాలు అడిగి నేర్చుకుంటాడు. కాపీ పుస్తకంలో 'క' ను నూరుసార్లు దిద్దించడం వలన ఆ ఆత్రుత పుట్టదు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది. ఆరంకెలలో ప్రతి అంకెకూ తన స్థానాన్ని బట్టి పని ఉన్నదని చెప్పడానికి కొంచెం పెద్ద పిల్లలకు దానికి మించిన పాఠ్యోపకరణం కనబడదు.

రైలు ఆట సంగతి చెప్పనక్కరలేదు. అది నేర్పకుండానే వచ్చే ఆట. నేల మీద సుద్దతో ఒక పొడుగాటి గీత గీసి, సున్న నుండి ఇరవై వరకు స్టేషన్లు గుర్తు పెట్టండి. ఐదవ స్టేషనులో ఎక్కినవాడు ఏడు స్టేషన్లు దాటితే ఎక్కడ దిగుతాడు? తిరుగుబండిలో నాలుగు స్టేషన్లు వెనుకకు వస్తే? పిల్లవాడు తన కాళ్ళతో నడచి కూడికా తీసివేతా చేస్తాడు. గార్డుగా నిలిచే పిల్ల ఎక్కినవారినీ దిగినవారినీ లెక్కపెట్టి బండి కదలడానికి జెండా ఊపుతుంది. లెక్క తప్పితే బండి కదలదు. తప్పును సరిదిద్దడానికి బెత్తం అక్కరలేదు, ఆటే సరిదిద్దుతుంది.

పల్లె ఇండ్ల అరుగుల మీద వామనగుంటలు ఆడిన మన అమ్మమ్మలు ఏ శిక్షణ కళాశాలకూ పోలేదు. వరుసకు ఏడేసి గుంటలు, వాటిలో గింజలు. ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోయి, చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే అంచనా వేయాలి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు విసిరి బోర్లాపడినవెన్నో వెల్లకిలా పడినవెన్నో ఒక్క చూపులో చెప్పాలి. ఈ ఆటలను మన కాలనీలలో టెలివిజనూ సెల్‌ఫోనూ మింగివేసినవని విచారిస్తాము. నిజమే, కాని అంతకుముందే ట్యూషన్లు వాటిని సగం మింగినవి.

ఇందుకు తలిదండ్రులనుండి వచ్చే అభ్యంతరం తెలిసినదే. "ఇంత ఫీజు కట్టి పంపేది ఆడుకొనడానికా? ఆఫీసరు బిడ్డ ఇంగ్లీషులో వ్యాసం వ్రాస్తున్నాడు, మన బిడ్డ గింజలు లెక్కపెడుతూ కూర్చుంటే పోటీలో ఏమవుతాడు?" ఈ భయాన్ని తేలికగా తీసిపారవేయరాదు. గ్రూపు డి ఉద్యోగిగా చేరి జీవితమంతా ఒక పరీక్ష తప్పినందుకు ప్రమోషను పోగొట్టుకున్న తండ్రి భయమది. కాని ఒక సంగతి గమనించండి. ఖరీదైన బడులు నేడు ఆటస్థలాలనూ, బొమ్మల గదులనూ, ఇసుక తొట్లనూ ప్రకటనలలో చూపి విద్యార్థులను ఆకర్షిస్తున్నవి. ఎల్.కె.జి. పిల్లవాని చేత రెండు పేజీల వ్రాత పని చేయించి, దానినే 'క్రమశిక్షణ'గా అమ్ముతున్నది తక్కువ జీతగాళ్ళకే. ధనికుని బిడ్డకు ఆట, కార్మికుని బిడ్డకు దస్తూరి! ఈ విభజన వెనుక ఉన్నది విద్యాశాస్త్రం కాదు, వ్యాపారం. మన పిల్లల విద్యాభత్యం నెలకు 2,250 రూపాయలుగా ఉండి 2024 జనవరి నుండి 2,812 రూపాయల యాభై పైసలకు పెరిగినది. పోరాడి సాధించుకున్న ఆ సొమ్ము ఏ రకపు చదువుకు చేరుతున్నదని అడిగే హక్కు మనకున్నది.

చట్టం కూడా మన పక్షానే ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో, పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకొనాలని స్పష్టంగా వ్రాసి ఉన్నది. 17వ సెక్షను దండనను నిషేధించినది. 2020లో ప్రకటించిన స్కూలు సంచి విధానం రెండవ తరగతి వరకు హోంవర్కు కూడదన్నది, బడి ముందు తరగతులకు సంచియే ఉండరాదన్నది. అంతకు చాలా ముందే, 1993లో, యశ్‌పాల్ కమిటీ భారం లేని విద్య గురించి నివేదిక ఇచ్చినది. కాగితం మీద ఇన్ని ఉన్నా సంచి తేలిక పడలేదు.

అట్లని తప్పంతా ఉపాధ్యాయుల నెత్తిన వేయడం అన్యాయం. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద ప్రాథమిక పాఠశాలలకు గణిత పేటికలు, సైన్సు పేటికలు, ఆటవస్తువులు పంపించినారు. అనేక బడులలో అవి బీరువా దాటి బయటికి రాలేదు. ఎందుకు? వస్తువు విరిగితే హెడ్మాస్టరు జవాబు చెప్పుకొనాలి గనుక. స్టాకు రిజిస్టరు, వార్షిక తనిఖీ, ఆడిటు అభ్యంతరం, రికవరీ ఇవన్నీ మనకు తెలియని మాటలు కావు. స్టోర్సు డిపోలో పనిచేసే మిత్రుడు ఆ హెడ్మాస్టరు భయాన్ని వెంటనే గ్రహించగలడు. పిల్లలు ఆడే వస్తువు విరుగుతుంది. విరగనిది వారు ఆడని వస్తువే. 2023 ఫిబ్రవరిలో కేంద్రం 'జాదూయీ పిటారా' పేరుతో మళ్ళీ ఆటబొమ్మల పెట్టెను విడుదల చేసినది. మంచిదే. కాని విరిగిన బొమ్మను ఏ ప్రశ్నా లేకుండా కొట్టివేసే అధికారం ఆ పెట్టెతో పాటు ఉపాధ్యాయునికి ఇవ్వకపోతే ఇదీ బీరువాలోనే ఉంటుంది.

రెండవ చిక్కు మనుష్యులది. అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలునన్నది చట్టంలోని లెక్క. ఐదు తరగతులను ఇద్దరు పంచుకున్నప్పుడు ఆటలెక్కడివి? దీనికి మన ప్రాంతంలోనే ఒక మార్గం తొక్కి చూపినారు. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వారు 1980ల చివర నుండి చుట్టుపట్ల పల్లెలలో ఒక్క టీచరుతో నడిచే బడులు పెట్టి, పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టినారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు. గోడ మీద ఒక నిచ్చెన. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే చూచుకొని తన కార్డు తానే తెచ్చుకొంటాడు. జ్వరం వచ్చి పది రోజులు మానినవాడు తిరిగి వచ్చి, ఆగిన చోటనే మొదలుపెడతాడు. బదిలీలతో ఊళ్ళు తిరిగే మన పిల్లలకు ఇంతకన్న కావలసినదేమున్నది? ఆ పద్ధతి ప్రేరణతోనే 2003లో చెన్నై కార్పొరేషను బడులలో కృత్యాధార బోధన మొదలై తరువాత తమిళనాడు అంతటికీ విస్తరించినది. అయితే కార్డులు తయారు చేసే తీరికా, శిక్షణా, ఉపాధ్యాయునికి స్వేచ్ఛా లేని చోట అదే పద్ధతి మరొక యాంత్రిక తంతుగా మారే ప్రమాదమున్నది.

మూడు నుండి ఆరేళ్ళ పిల్లల సంగతి వచ్చేసరికి భారమంతా అంగన్‌వాడీ సోదరీమణుల మీద పడుతున్నది. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకంలో వారు నేటికీ 'గౌరవ' కార్యకర్తలే, వారికి ముట్టేది జీతం కాదు, గౌరవ వేతనం. గ్రాట్యుటీకి అర్హులని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. శాఖ పనంతా చేస్తూ శాఖ ఉద్యోగిగా గుర్తింపు లేని గ్రామీణ డాక్ సేవకుని పరిస్థితి ఎరిగిన తపాలా మిత్రులకు ఇది వివరించనక్కరలేదు. రిజిస్టర్లు నింపి, సరుకు తూచి, సర్వేలు చేసి అలసిన ఆమెను పిల్లలతో నవ్వుతూ ఆడమని ఆజ్ఞాపించడం ఎంతవరకు న్యాయం? అంగన్‌వాడీ కార్యకర్తల కోర్కెలు మన తీర్మానాలలో సంఘీభావ వాక్యంగా కాక, మన బిడ్డల చదువుకు సంబంధించిన కోర్కెలుగా చేరవలెను.

బ్రాంచీలు వెంటనే చేయగల పని ఒకటున్నది. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో బిలియర్డ్సు బల్లకూ పేకాటకూ గదులున్నవి. పదేళ్ళలోపు పిల్లలకు ఒక గది అడగండి. స్టాఫ్ బెనిఫిట్ ఫండు కమిటీలలో మన ప్రతినిధులు కూర్చుంటున్నారు. తపాలా కాలనీలకు సంక్షేమ నిధి ఉన్నది. గవ్వలు, గింజలు, సుద్ద, త్రాసు, చెక్కముక్కలు, కథల పుస్తకాలు వీటికి అయ్యే వ్యయం ఒక వార్షికోత్సవ షామియానా ఖర్చు కన్న తక్కువ. ఆదివారం ఉదయం ఇద్దరు రిటైరైన మిత్రులు వచ్చి కూర్చుంటే గది నడుస్తుంది. ఆ గదిలోని బొమ్మలకు స్టాకు రిజిస్టరు పెట్టవద్దని మాత్రం మొదటి సమావేశంలోనే తీర్మానించి, విరిగిన వాటి స్థానంలో కొత్తవి కొనడానికి ఏటా కొంత మొత్తం విడిగా ఉంచండి.