టెంటుకు కిరాయి ఉన్నది, మరి మన పాటకు?



పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపికతో చదవండి. తప్పుంటే తిట్టండి, కానీ మొత్తం చదివి తిట్టండి.

మొన్న మన గ్రూపులోనే ఒక మెసేజ్ వచ్చింది. ఏదో ఆఫీసు వాళ్ళ ప్రోగ్రాం అట. "లంబాడీ డ్రెస్సుల పది మంది ఆడపిల్లలు కావాలె, స్వాగతం డాన్స్‌కు" అని. కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టిండ్రు. ఎంత ఇస్తరు, ఎట్ల తీసుకపోతరు, ఎంతసేపు ఆడాలె అని ఒక్కరు అడగలే. నేను కూడా అడగలే. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్న.

ముందు నా సంగతి చెప్త. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. రుద్రూర్ హాస్టల్‌ల ఉండి చదువుకుంటున్న. 2024 అక్టోబర్ 19న, శనివారం, జీవితంల మొదటిసారి లైవ్ కాన్సర్ట్‌కు పోయిన. గచ్చిబౌలి స్టేడియంల దేవిశ్రీ ప్రసాద్ ప్రోగ్రాం. టికెట్ నేను కొనలే. హైదరాబాద్‌ల జాబ్ చేసే మా పెదనాయన బిడ్డ కొన్నది. బాన్సువాడల బస్సెక్కి జేబీఎస్‌ల దిగిన. ఆ టికెట్ పైసలు మా బాపు ఎన్ని రోజుల కూలికి సమానమో దారంతా లెక్క పెట్టుకున్న. అయినా పోయిన, అబద్ధం ఎందుకు చెప్పాలె.

మస్తు నచ్చింది. డ్రమ్ము మోగితే చప్పుడు చెవులకంటే ముందు ఛాతీకి తాకుతది. వేల మంది ఫోన్ లైట్లు వేస్తే స్టేడియం అంతా మినుగురు పురుగుల లెక్క. నేను కూడా గొంతు పోయేదాక అరిచిన. నా గొడవ కాన్సర్ట్‌లతో కాదని ముందే చెప్తున్న. పాటగాళ్ళకు, వాయించేటోళ్ళకు, లైట్లు పట్టేటోళ్ళకు పని దొరికింది, పైసలు వచ్చినయి. మంచిదే.

కానీ అక్కడ నన్ను పట్టుకున్నది ఒక్క ముచ్చట. జనం గంటల ముందే వచ్చి పాట కోసం నిలబడ్డరు. పాట పాడేటోళ్ళే అక్కడ పెద్దోళ్ళు.

నాకు ఇంటర్ సెకండియర్ గుర్తుకొచ్చింది. ఒక సభకు మమ్మల్ని పన్నెండు మందిని తీసుకపోయిండ్రు. మా దాది ఫేట్యా, కాంచళి కట్టుకొని పోయిన. అద్దాలు, గవ్వలు, బిళ్ళలు కుట్టిన బట్ట అది, ఎంత బరువుంటదో మీకు తెలుసు. పదిగంటలకు రమ్మన్నరు, ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చిండు. అప్పటిదాక ఎండల నిలబడ్డం. ఆయన కారు దిగినంక మేము ఆడింది నాలుగు నిమిషాలు ఉంటదేమో. ఆ నాలుగు నిమిషాలు కూడా ఆయన ఫోన్‌ల మాట్లాడుకుంటనే నడిచిండు. పాట మధ్యలనే మైకు గుంజుకొని "ఆసీనులు కావాలి" అన్నరు. మాకు పులిహోర పొట్లం ఇచ్చిండ్రు. తెల్లారి పేపర్‌ల ఫోటో వచ్చింది, "సంప్రదాయ నృత్యంతో స్వాగతం" అని. మా పేర్లు లేవు, తండా పేరు కూడా లేదు.

ఆ సభల టెంటోనికి కిరాయి ఇచ్చిండ్రు, కుర్చీలకు ఇచ్చిండ్రు, మైకోనికి ఇచ్చిండ్రు, ఫ్లెక్సీకి, బొకేలకు కూడా ఇచ్చిండ్రు. పైసలు లేకుండ వచ్చింది మేమొక్కళ్ళమే.

కొందరు అంటరు, "కళను పైసలతో కొలుస్తవా? తీజ్‌ల, హోలీల పైసలు అడుగుతున్నమా?" అడగం, అడగొద్దు కూడా. నాయక్ ఇంటి ముందర మంచె మీద గోధుమ మొలకల బుట్టలు పెట్టి తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తూ పాడేది మన కోసం మనం పాడుకునే పాట. హోలీ లేంగి అయినా, అత్తగారింటికి పోయే బిడ్డ ఏడుస్తూ పాడే ఢావ్లో అయినా అంతే. అక్కడ చూసేటోళ్ళు వేరే, పాడేటోళ్ళు వేరే అని ఉండదు. ఈ రోజు నేను పాడితే రేపు నువ్వు పాడుతవు, లెక్క సరిపోతది. ఆఫీసు సభల ఆ లెక్క ఎక్కడున్నది? ఆ సారు ఎప్పుడన్న మన తండాకొచ్చి పాడిండా?

గోండు అన్నలను అడగండి. దీపావళికి ఒక ఊరి దండారి ఇంకో ఊరికి పోతే ఆ ఊరోళ్ళే ఎదురొచ్చి తీసుకపోయి, అన్నం పెట్టి, ఉంచుకుంటరు. అక్కడ అతిథి ఎవరు? ఆడేటోళ్ళే. మన పద్ధతి అది. దాన్ని తిరగేసి, అతిథి కోసం మనల్ని ఎండల నిలబెడితే "సంస్కృతిని కాపాడుతున్నం" అని మనమే చప్పట్లు కొడుతున్నం.

ఇంకొకటి. నేను కాన్సర్ట్ చూసొచ్చిన ఆరు రోజులకే, అక్టోబర్ 25న, మార్లవాయి గుస్సాడి కనకరాజు గారు చనిపోయిండ్రు. 2021 పద్మశ్రీ. అదే ఏడు జూన్‌ల మణుగూరు దిక్కు కోయ డోలు కళాకారుడు, పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారు పోయిండ్రు. సమ్మక్క సారలమ్మ కథలు నోటికి చెప్పిన మనిషి. వాళ్ళు బతికుండంగ ఒక్కసారన్న ఎదురుగ కూర్చొని విన్నవాళ్ళం మనలో ఎంతమందిమి? నేను వినలే. గచ్చిబౌలి పోనీకి తీరిక దొరికింది, మార్లవాయికి దొరకలే. మన తెగల మధ్య వేరే పంచాయితీలు ఉన్నయి, తెల్వక కాదు. ఈ విషయంల మాత్రం అందరి నష్టం ఒకటే.

"గిట్ల షరతులు పెడితే పిలుస్తలేరు, అవకాశం పోతది" అనేటోళ్ళకు ఒక మాట. గుత్తి దగ్గరి తండాల పుట్టిన సత్యవతి తిరుపతిల సంగీతం చదువుకొని మంగ్లీ అయింది. పేరుతోని పిలిస్తే పోతది, పోస్టర్ మీద పేరుంటది. మన గొంతుకు విలువ లేక కాదు, మనం అడగక.

మనది కూడా తప్పున్నది. తీజ్ ఆఖరి రోజు డీజే పెట్టి దాదీల పాట వినబడకుండ చేసేది మనమే. కాన్సర్ట్ నుంచి వచ్చి నేను కూడా ఫ్రెండ్స్‌కు "ఫస్ట్ టైం లైవ్ మ్యూజిక్ విన్న" అని చెప్పిన. పుట్టినప్పటి నుంచి నగారా చప్పుడు విన్నదాన్ని. ఎవరో నా నోట్ల పెట్టిన మాట కాదు అది, నేనే అన్న.

అందుకే ఆ మెసేజ్ పెట్టిన అన్నకు నా జవాబు ఇదే, ఒప్పుకున్నోళ్ళు కింద పేరు రాయండి:

"అన్నా, పిలిచినందుకు సంతోషం. మనిషికి ఎంత ఇస్తరో ముందే చెప్పాలె. బండి వాళ్ళే పంపాలె, నీడ, నీళ్ళు, బట్టలు మార్చుకునే గది ఉండాలె. పాట పూర్తిగా పాడనియ్యాలె, మైకుల మా పేర్లు, తండా పేరు చెప్పాలె. స్వాగతం దారిల నిలబడం, స్టేజీ మీదనే ఆడుతం. ఇవి కుదిరితే వస్తం. కుదరకపోతే మా బదులు ఇంకో రెండు బొకేలు కొనుక్కోమనండి."