గండం గడిచిన కూనలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కుక్కను పెంచడం ఇప్పుడు వింతేమీ కాదు. ఊళ్ళో గుమ్మం దాటి లోపలికి రానివ్వని జంతువు ఇక్కడ పిల్లల మంచం పక్కనే నిద్రపోతోంది. ఎనిమిది వారాల కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకునేటప్పుడు జాతి, రంగు, వెల, టీకాల కాగితం అన్నీ విచారిస్తారు. పుట్టిన మొదటి మూడు వారాలలో ఆ కూనకూ, దాని తోబుట్టువులకూ ఏం జరిగిందని అడిగేవారు మాత్రం అరుదు. అమ్మేవారు తమంతట తామే చెప్పడం అంతకన్నా అరుదు. నిజానికి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదే.

కుక్కలకు వచ్చే హెర్పిస్ వైరస్ వ్యాధిని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన లీలాండ్ కార్మైకేల్, ఆయన సహచరులు 1965లో వర్ణించారు. ఈ వైరస్ పెద్ద కుక్కకు సోకితే కాస్త తుమ్ములు, ముక్కు కారడం; చాలాసార్లు అదీ ఉండదు. మూడు వారాలు నిండని కూనకు సోకితే మాత్రం ప్రాణాంతకం. ఈనేటప్పుడు జననమార్గంలోనో, తర్వాత తల్లి ముక్కు, నోటి స్రావాల నుండో, తోబుట్టువుల నుండో ఇది అంటుకుంటుంది. అంతవరకు చక్కగా పాలు తాగుతున్న కూన హఠాత్తుగా చన్ను వదిలేస్తుంది. ఆపకుండా ఏడుస్తుంది. పొట్ట ముట్టుకోనివ్వదు. జ్వరం మాత్రం ఉండదు. ఒకటి రెండు రోజులలో ప్రాణం పోతుంది. ఒక్కొక్కప్పుడు ఆ ఈతలో ఒక్క పిల్ల కూడా మిగలదు.

ఇందులో శరీరోష్ణతది ముఖ్యపాత్ర. పెద్ద కుక్క ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ పైన, అంటే ఫారన్‌హీట్ లెక్కలో 100 దాటి ఉంటుంది. అప్పుడే పుట్టిన కూనకు 35, 36 డిగ్రీలకు మించదు. వణికి వేడి పుట్టించుకునే శక్తి కూడా దానికి తొలి రోజులలో ఉండదు. సరిగ్గా ఆ చల్లదనంలోనే ఈ వైరస్ విజృంభిస్తుంది. కూనల ఒంటి వేడి పెంచితే వ్యాధి తీవ్రత తగ్గుతుందని కార్మైకేల్ బృందం 1969లో చూపింది. ఈనిన చోటును వెచ్చగా ఉంచాలని పశువైద్యులు పట్టుబట్టడానికి ఇదొక కారణం. అయితే లక్షణాలు బయటపడిన తర్వాత ఎంత వేడి చేసినా ఫలితం స్వల్పమే.

అసలు కథ ఆ తర్వాతిది. బ్రతికి బయటపడిన కూనల శరీరాలను పరిశీలించి, అదే బృందంలోని శాస్త్రజ్ఞులు 1971లో మరొక పత్రం ప్రచురించారు. వాటి చిన్నమెదడులోను, కంటిలోని రెటీనాలోను నిర్మాణలోపాలు కనిపించాయి. మూత్రపిండాలు కూడా దెబ్బతినే అవయవాలే. ఈ వ్యాధితో మరణించిన కూనల మూత్రపిండాలపై కనిపించే నెత్తుటి మచ్చలు రోగనిర్ధారణకు పేరుపడ్డ గుర్తు. దెబ్బ ఈ భాగాల మీదనే పడటం యాదృచ్ఛికం కాదు. కుక్కపిల్ల పుట్టేనాటికి పూర్తిగా తయారై పుట్టదు. కళ్ళు తెరవడానికే పది పన్నెండు రోజులు పడుతుంది. రెటీనా, చిన్నమెదడు ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఏర్పడుతూనే ఉంటాయి. మూత్రపిండాలలోని వడపోత గొట్టాల నిర్మాణం పుట్టిన రెండు మూడు వారాలకు గాని ముగియదు. కట్టిన ఇంటి మీద వాన పడితే గోడ తడుస్తుంది. సగం లేచిన పచ్చిగోడ మీద పడితే గోడే ఒరిగిపోతుంది. తర్వాత ఎంత ఎండ కాసినా అది నిటారుగా నిలవదు.

కాబట్టి "తగ్గిపోయింది" అనే మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. వైరస్ దాడి ముగిసిందన్నది ఒకటి, శరీరం నిండుగా ఉన్నదన్నది మరొకటి. మొదటిది చూపించి రెండవది అమ్మడం న్యాయం కాదు.

చిన్నమెదడు లోపం త్వరగానే బయటపడుతుంది. నడక నేర్చే వయసులో కూన తూలుతుంది, తల వణుకుతుంది, పాలగిన్నె దగ్గర మూతి గురి తప్పుతుంది. చూడటానికి బాధగా ఉన్నా ఇది సాధారణంగా ముదిరే జబ్బు కాదు. అటువంటి కుక్క తన తూలుడుకు తానే అలవాటుపడి చాలాకాలం సుఖంగా బ్రతకవచ్చు. మూత్రపిండాల సంగతి అలా కాదు. వాటి శక్తిలో మూడింట రెండు వంతులు పోయేదాకా మూత్రం చిక్కదనం తగ్గదు. నాలుగింట మూడు వంతులు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెరగదు. ఎనిమిది వారాల వయసులో రక్తపరీక్ష బాగుందన్న కాగితం ఏడాది తర్వాతి ఆరోగ్యానికి హామీ కాజాలదు. ఎక్కువగా నీళ్ళు తాగడం, పలచని మూత్రం, ఎదుగుదల మందగించడం: ఇంట్లోవారి కంటికి ముందుగా ఆనేవి ఇవే. సంతాన నిరోధక శస్త్రచికిత్సకు మత్తుమందు ఇచ్చేలోపు, నొప్పి మాత్రలు రాసేలోపు, ఈ కుక్క పసితనంలో ఏ గండం దాటిందో వైద్యునికి తెలిసి తీరాలి.

దీర్ఘకాలం వెంబడించి చూస్తే ఏం తెలుస్తుందో చెప్పడానికి మరొక కుక్కల వ్యాధి సాక్ష్యమిస్తోంది. 1978 ప్రాంతాన ప్రపంచమంతా వ్యాపించిన పార్వో వైరస్ నుండి బ్రతికిన కుక్కలను మ్యూనిక్ పశువైద్యులు కొంతకాలం గడిచాక వెతికి పట్టుకుని, వాటి యజమానులను ప్రశ్నించారు. ఆ పరిశోధన 2018లో వెలువడింది. పార్వో సోకిన 71 కుక్కలలో 42 శాతానికి దీర్ఘకాలిక జీర్ణకోశ వ్యాధి లక్షణాలు కనిపించగా, సోకని 67 కుక్కలలో అవి 12 శాతానికే ఉన్నాయి. ఆ కుక్కలన్నీ ఒకనాడు "నయమైంది" అనిపించుకుని ఆసుపత్రి గడప దాటినవే. తర్వాత ఎవరో ఒకరు అడిగారు గనుక తెలిసింది. హెర్పిస్ గండం గడిచిన కూనల విషయంలోనూ అలా అడిగేవారు కావాలి. అందుకు మొదటి మెట్టు, పెంపకందారు రాసిచ్చే ఒక్క కాగితం: ఈతలో పిల్లలెన్ని, పోయినవెన్ని, ఏ రోజున, ఏ పరీక్షతో వ్యాధి నిర్ధారణ అయింది. అమెరికాలో పలు రాష్ట్రాలలో జబ్బు కుక్కపిల్లను కొన్నవారికి రక్షణ కల్పించే చట్టాలున్నాయి. వాటి గడువులు మాత్రం రోజులలోను, నెలలలోను ఉన్నాయి. నెమ్మదిగా బయటపడే లోపానికి చట్టంకన్నా ఈ కాగితమే ఎక్కువ ఆసరా.

దీనికి పూర్తిగా విరుద్ధమైన తొందరపాటు కూడా ఉంది. మిగిలిన ఒక్క కూనకూ సూదిమందు ఇచ్చి నిద్రపుచ్చేయడమే మేలనే పెంపకందారులు లేకపోలేదు. కోలుకోలేని బాధతో ఉన్న ప్రాణి విషయంలో అది దయే కావచ్చు. ఆడుతూ తింటున్న కూనను రాబోయే జబ్బు పేరు చెప్పి చంపడం మాత్రం దయ అనిపించుకోదు. అటువంటి కూనను తెలిసి తెచ్చుకునే కుటుంబాలు ఉంటాయి. దాపరికం ఆ అవకాశాన్నే పోగొడుతుంది.

హెర్పిస్ అన్న పేరు వినగానే తల్లిదండ్రులు ఉలిక్కిపడటం సహజం. ఈ వైరస్ కుక్కజాతిది; మనుషులకు సోకదు. పసిపిల్లలున్న ఇంట్లో ఈ పేరుతో భయపడనక్కరలేదు. అయితే సోకిన కుక్క నరాల ముడులలో అది జీవితాంతం దాగి ఉంటుంది. ఒత్తిడి కలిగినప్పుడు, కాన్పు సమయంలో, స్టెరాయిడ్ మందులు వాడినప్పుడు మళ్ళీ బయటికి రావచ్చు. తోటి పెద్ద కుక్కలకు దానితో పెద్ద ముప్పు లేదు. చూలు కుక్కలకు, పసికూనలకు ఉంది. వ్యాధి సోకిన తల్లికుక్కను వెలివేయడమూ తొందరపాటే. దాని ముర్రుపాలలో చేరిన ప్రతిరక్షకాలు తర్వాతి ఈతలను చాలావరకు కాపాడతాయి. చూలు కుక్కలకు వేసే టీకాకు ఐరోపా సమాఖ్యలో 2001లోనే అనుమతి లభించింది. అమెరికాలో అటువంటి టీకా లేకపోవడం చిన్న లోటు కాదు.

ఇక, వేసవి సెలవులకు ఇండియా వెళ్ళే కుటుంబాలకు ఒక మాట. నాలుగైదు వారాలు కుక్కను వసతిగృహంలో వదిలి వెళ్ళేటప్పుడు టీకాల చీటీతోపాటు ఈ పసితనపు చరిత్రనూ అక్కడ ఇవ్వాలి. నీళ్ళగిన్నె రాత్రిపూట కూడా తీసివేయవద్దని, చూలు కుక్కలున్న గదికి దూరంగా ఉంచమని, దాహం హఠాత్తుగా పెరిగితే హైదరాబాదుకో విజయవాడకో ఫోను చేసి అనుమతి అడిగేదాకా ఆగకుండా ముందు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళమని దాని మీదే రాసిపెట్టాలి.