ఖైదీ ప్రాణానికి పూచీ ఎవరిది?

కొత్తవాడ: జైలులో పెట్టిన మనిషికి ప్రాణాపాయం కలిగితే పూచీ ఎవరిది? ప్రభుత్వానిదేనని 2000 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అయితే ఆ మాట తేలేసరికి సంఘటన జరిగి ఇరవై మూడేళ్లయింది.

1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలులో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కుమారుడు రామకృష్ణారెడ్డి రిమాండులో ఉన్నారు. తమ ప్రాణాలకు ముప్పు ఉందని, తగిన కాపలా పెట్టాలని ముందుగానే మొరపెట్టుకున్నారు. ఆలకించిన నాథుడు లేడు. మే 5వ తేదీ రాత్రి, తెల్లవారితే 6 అనగా, దుండగులు జైలులో చొరబడి బాంబులు విసిరారు. తండ్రి మరణించాడు. కొడుకు గాయాలతో బయటపడ్డాడు.

రామకృష్ణారెడ్డి, ఆయన తల్లి, సోదరులు 10 లక్షల రూపాయల నష్టపరిహారం కోరుతూ ప్రభుత్వంపై దావా వేశారు. ఏడాది గడువు దాటిందని కింది కోర్టు కొట్టివేసింది. ఇటువంటి దావాకు మూడేళ్ల గడువు ఉంటుందని చెప్పి హైకోర్టు 1,44,000 రూపాయలు వడ్డీతో సహా ఇమ్మన్నది. ప్రభుత్వం అంతటితో ఊరుకోలేదు. జైళ్ల నిర్వహణ సార్వభౌమాధికారం కిందికి వస్తుంది గనుక దావా చెల్లదంటూ సుప్రీంకోర్టుకెక్కింది. కాపలా పెట్టడానికి లేని పట్టుదల కోర్టులో వాదించడానికి మాత్రం ఉన్నది! రాచరికం నాటి ఆ వాదన అక్కడ నిలవలేదు. విశాఖ జైలు గోడపై కరెంటు తీగల గురించి నక్సలైటు ఖైదీలు వేసిన కేసులో, శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లోనే సుప్రీంకోర్టు చెప్పి ఉన్నది.

ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఎందరికుంటుంది? కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి మనిషి జైలుకు పోతే, వకీలు సంగతి అటుంచి, ములాఖత్‌కు పోయిన రోజు కూలి కూడా దండుగే. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చి, ఖైదీలను ఇతర జైళ్లకు తరలించినప్పుడు ఆ కుటుంబాల గోడు పట్టించుకున్నవారు తక్కువ.

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఈ సంగతి ప్రతి సబ్ జైలు గేటు వద్ద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించాలి. ఖైదీ గాని, అతని ఇంటివారు గాని ప్రాణభయం ఉందని అర్జీ ఇస్తే, తేదీ వేసి రసీదు ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటే, మాకు ఎవరూ చెప్పలేదని తర్వాత ఏ అధికారీ తప్పించుకోజాలడు.