యూరో వంద దాటింది, వెళ్దామా మానుకుందామా?



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా ఒక నాన్నగారు లేవలేదు. మహబూబాబాద్‌లో ఎరువుల దుకాణం ఆయనది. "మేడమ్, మీరు నిరుడు జర్మనీ పోయొచ్చిండ్రట గదా. మేము ఈ ఎండాకాలం యూరప్ పోదామనుకున్నం. యూరో వంద దాటిందంటున్నరు. ఇప్పుడు పోవుడు తెలివైన పనేనా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే పక్కన నిలబడ్డ వాళ్ల పాప, ఏడో తరగతి, "వద్దులే డాడీ, నాకేం పోవాలని లేదు" అంది. నేల చూస్తూ అంది. నెల కిందట క్లాసులో ఐఫిల్ టవర్ బొమ్మ గీసి నాకు చూపించిన పాప ఆమె.

వెనక ఇంకో పదిమంది తల్లిదండ్రులు వేచి ఉన్నారు. ఆయనకు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా అర్హత చెప్పాలి. మాది జనగామ. తమ్ముడు జర్మనీలో మాస్టర్స్ చదువుతున్నాడు. నిరుడు మేలో నేను, అమ్మ పదకొండు రోజులు వాడి దగ్గర ఉండి వచ్చాం. ఏడాదిన్నర కట్టిన చిట్టీ డబ్బు అది. 2025 జనవరిలో మేము లెక్క వేసుకున్నప్పుడు యూరో 90 రూపాయల లోపే ఉంది. మేలో విమానం ఎక్కేనాటికి 95 దాటింది. ఆ ఏడాది చివరికి వంద కూడా దాటి అక్కడే కూర్చుంది. కాబట్టి రేటు పెరిగితే కడుపులో ఎలా ఉంటుందో నాకు తెలుసు.

లెక్క తేలిక కోసం యూరో 105 అనుకుందాం. అక్కడ 3,000 యూరోలు ఖర్చు పెట్టాలనుకున్న కుటుంబానికి 90 దగ్గర 2,70,000 అయ్యేది. ఇప్పుడు 3,15,000. తేడా 45,000. తక్కువేం కాదు. అయితే రేటు తగ్గాక వెళ్దామని కూర్చోవడం నా దృష్టిలో సరైన ఉపాయం కాదు. ధర వస్తుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి సంగతి మహబూబాబాద్ వాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. రేటు మన చేతిలో లేదు. ఎన్ని రోజులు, ఎన్ని ఊళ్లు, ఏ నెల, డబ్బు ఎలా చెల్లిస్తాం, ఈ నాలుగూ మన చేతిలో ఉన్నాయి. ఆ 45,000 వీటిలోనే దొరుకుతుంది.

అన్నిటికంటే పెద్ద మిగులు నెలలో ఉంది. యూరప్‌లో ధరలు మండేది జులై, ఆగస్టుల్లో, అక్కడి స్కూళ్లకు సెలవులిచ్చినప్పుడు. మనకు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. అంటే మన పిల్లల సెలవులు అక్కడి రద్దీకి ముందే వస్తాయి. ఇది మనకు ఉచితంగా దొరికిన డిస్కౌంట్. (పదో తరగతికి వెళ్లే పిల్లలకు మేలో క్లాసులుంటాయి. ఆ సంగతి ప్రిన్సిపల్ సార్‌తో మీరే మాట్లాడుకోవాలి.)

తర్వాత ఊళ్లు. పది రోజుల్లో ఐదు దేశాలు చూపిస్తామనే ప్యాకేజీల్లో పిల్లలు ఎక్కువగా చూసేది బస్సు కిటికీ. సినిమా పాటల పుణ్యమా అని అందరికీ స్విట్జర్లాండ్ కావాలి. అక్కడ యూరో కాదు, ఫ్రాంక్ నడుస్తుంది, భోజనం ధర చూస్తే ఆకలి చస్తుంది. ఒకే దేశం, రెండు ఊళ్లు పెట్టుకోండి. ప్రాగ్, బుడాపెస్ట్ అదే షెంగెన్ వీసాలో వస్తాయి, గది, తిండి పారిస్ కంటే చవక. రోజులు తగ్గించినా అంతే. రాత్రికి 120 యూరోల గది అనుకుంటే రెండు రాత్రులు తగ్గితే 25,000 మిగిలినట్టే.

జర్మనీలో మా తమ్ముడు నెలవారీ టికెట్ తీసిచ్చాడు. మాకు 58 యూరోలు పడింది, ఈ జనవరి నుంచి 63 అయింది. దేశమంతా లోకల్ రైళ్లు, సిటీ బస్సులు ఎక్కవచ్చు, వేగపు రైళ్లు మాత్రం కాదు. అది చందా లాంటిది, పదో తేదీలోపు రద్దు చేయకపోతే మరుసటి నెల డబ్బు కూడా లాగేస్తుంది. మొదటి రోజు బస్సెక్కగానే అమ్మ బ్యాగులోంచి ఆధార్ కార్డు తీసింది! మన ఆర్టీసీ అలవాటు.

ఇక నేను మోసపోయిన చోటు. మొదటి సాయంత్రం సరుకులకు 60 యూరోల బిల్లయింది. కార్డు పెట్టగానే మెషిన్ అడిగింది, రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా అని. మన రూపాయి కనిపించేసరికి ముచ్చటపడి దాన్నే నొక్కాను. ఆ రోజు రేటు ప్రకారం పోవాల్సిన దానికంటే మూడు వందల పైచిలుకు ఎక్కువ పోయింది. ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని, ఆ చిన్న అక్షరాలు చదవలేదు. ఎప్పుడైనా సరే యూరో బటనే నొక్కండి. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ ఖర్చు మీద మూడున్నర శాతం దాకా, దాని మీద జీఎస్టీ కూడా వేస్తాయి. లక్షకు నాలుగు వేలు అలా పోతుంది. ఫారెక్స్ కార్డు తీసుకుని, చిట్టీ కట్టినట్టు నాలుగైదు నెలల్లో కొంచెం కొంచెంగా యూరోలు వేసుకుంటే ఒకేసారి చెడ్డ రేటుకు దొరికిపోయే భయం తగ్గుతుంది. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో మార్చడం ఆఖరి దారి.

వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వారికి లేదు. పన్నెండు నిండితే పెద్దల ఫీజే. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కాబట్టి వీసా చేతికి రాకముందు రద్దు చేసుకోలేని టికెట్లు కొనకండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30,000 యూరోల కవర్ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి, దాన్ని ఇక్కడే రూపాయల్లో కొనుక్కోవచ్చు. ప్యాకేజీ అయితే టీసీఎస్ అని పట్టుకుంటారు, రిటర్ను దాఖలు చేసేటప్పుడు లెక్కలోకి తెచ్చుకోవడం మరవొద్దు.

తిండి కోసం వంటగది ఉన్న గది చూసుకోండి. సకినాలు, మామిడికాయ పచ్చడి తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాలు, మాంసం పదార్థాలను యూరప్ యూనియన్ రానివ్వదు. మ్యూజియాల్లో పిల్లలున్న ఇంటికే లాభం. పారిస్ లూవ్ర్‌లో 18 ఏళ్లలోపు వాళ్లకు ఉచితం. మన లాంటి పెద్దలకు మాత్రం ఈ జనవరిలో 32 యూరోలు చేశారు. నోత్రదామ్ చర్చికి టికెట్ లేదు.

ఇవన్నీ చేసినా చేతిలో లేని డబ్బు చేతికి రాదు. అప్పు చేసి మాత్రం వెళ్లకండి. నేను భూపాలపల్లి బ్రాంచిలో ఏడాది పనిచేశాను. దసరాకు సింగరేణి లాభాల వాటా అందగానే ఊరంతా కళకళలాడేది. ఆ డబ్బుతో టూరు వెళ్లిన వాళ్లూ ఉన్నారు, దానికి తోడు లోను తీసుకున్న వాళ్లూ ఉన్నారు. టర్మ్ ఫీజు దగ్గరపడినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూసేది మేమే.

ఆ పాప దగ్గర నాకు అర్థమైంది ఇదే. తనవల్ల ఇంట్లో ఖర్చు అవుతుందని పిల్లలకు తెలుసు, కానీ ఎంతో తెలియదు. తెలియని అంకె ఎప్పుడూ పెద్దగానే కనబడుతుంది. డబ్బు మాటలు పిల్లల ముందు వద్దని మనలో చాలామంది తలుపు వేసుకుని మాట్లాడతారు. నేను ఒప్పుకోను. ఏడో తరగతి పిల్లకు శాతాలు, నిష్పత్తులు వచ్చు. ఆ లెక్క వాళ్ల చేతే వేయించండి. "ఈసారి కుదరదు" అన్న జవాబు వాళ్ల లెక్కలోంచే వస్తే అది అవమానంగా ఉండదు.

నాన్నగారికి ఆ రోజు చెప్పిన సగం జవాబు ఇంతే, పాప చేత లెక్క రాయించండి అని. మూడు వారాల తర్వాత, పోయిన శనివారం, పాప నోట్‌బుక్ తెచ్చింది. ఐదు దేశాలు కొట్టేసి రెండు ఉంచింది. వీసా లెక్క వేసింది, అమ్మ, నాన్న, తను, ఎనిమిదేళ్ల తమ్ముడు, మొత్తం 315 యూరోలు, 33,075 రూపాయలు. ఒక్క రూపాయి తప్పు లేదు. ఈ మేలో కాదట, వచ్చే ఏప్రిల్‌లోనట. ఈ సెలవుల్లో రామప్పకు వెళ్తున్నారు. 1213లో ఆ గుడి కట్టేనాటికి పారిస్‌లో నోత్రదామ్ ఇంకా కడుతూనే ఉన్నారని చెబితే, అది కూడా పక్కన రాసుకుంది.

అన్నీ తగ్గించిన ఆ పేజీలో ఒక వరుస మాత్రం అలాగే ఉంది. ఐస్‌క్రీం, నలుగురికి, రోజుకు 12 యూరోలు. "ఇది తగ్గించలేదేం?" అని అడిగాను.

"అది డాడీ రాసిండు మిస్" అంది.