57 శాతం ఓడిపోవడమా?

అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలని 2023 నవంబరులో అమెరికాలోని ఒహాయో ఓటర్లలో దాదాపు 57 శాతం మంది కోరారు. చేరింది. మరుసటి ఏడాది ఫ్లోరిడాలోనూ ఇంచుమించు 57 శాతమే కోరారు. వీగిపోయింది. అక్కడ సవరణకు 60 శాతం ఓట్లు రావాలి మరి! చిత్రమేమంటే, 2006లో ఆ నిబంధన నెగ్గినప్పుడు దానికే 58 శాతం ఓట్లు కూడా పడలేదు.

ఒహాయోకూ ఆ గతే పట్టించాలని చూశారు. సంతకాలు సేకరించి సవరణను నేరుగా ఓటుకు పెట్టే హక్కు అక్కడి ప్రజలకు 1912 నుంచీ ఉంది. సగానికి మించి ఓట్లొస్తే చాలు. 2023 నవంబరు ఓటింగ్ ముంచుకొస్తుండగా, 60 శాతం ఉండాలంటూ చట్టసభ ఆగస్టులోనే ప్రత్యేక ఎన్నిక పెట్టింది. సంతకాలు 44 కౌంటీల నుంచి తెస్తే చాలదట, మొత్తం 88 కౌంటీల నుంచీ తేవాలట. జనం రారు, ఖర్చు దండగ అని ఆగస్టు ఎన్నికలను చాలావరకు ఎత్తేసింది అంతకు కొన్ని నెలల ముందు ఆ రాష్ట్ర పాలకులే! ఓటర్లు ఈ ఎత్తుగడను చిత్తుగా ఓడించారు.

రాష్ట్ర రాజ్యాంగం చిన్న విషయమేమీ కాదు. పార్టీలు తమకు అనువుగా నియోజకవర్గాల హద్దులు గీసుకుంటే తామేమీ చేయలేమని ఫెడరల్ సుప్రీంకోర్టు 2019లో చేతులెత్తేసింది. అంతకు ముందటేడే పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు అలాంటి మ్యాపును కొట్టేసింది. ఎన్నికలు స్వేచ్ఛగా, సమానంగా జరగాలన్న ఆ రాష్ట్ర రాజ్యాంగ నిబంధనే దానికి ఆధారం. మిషిగన్ ఓటర్లు 2018లో ఏకంగా ఆ హద్దులు గీసే పనినే చట్టసభ నుంచి తప్పించి పౌరుల కమిషన్‌కు అప్పగించారు. నేతల కంటగింపు ఇందుకే.

డబ్బున్న సంస్థలు రాజ్యాంగాన్ని ఎడాపెడా మార్పించేస్తాయన్న వాదనను తీసిపారేయలేం. అయితే విరాళాలెవరివో బయటపెట్టించండి, సంతకాలను గట్టిగా తనిఖీ చేయండి. సగానికి మించిన జనాన్ని ఓడినవాళ్లుగా లెక్కగట్టడం మాత్రం కుదరదు. ఒక్క ఓటు ఆధిక్యంతోనైనా సభలో కూర్చునేవారికి, జనానికి మాత్రం 60 శాతం గీత గీసే నైతిక హక్కెక్కడిది? ఫ్లోరిడా ఆ నిబంధనను ఎత్తివేయాలి. అదే దారి చూస్తున్న ఇతర రాష్ట్రాలు విరమించుకోవాలి.

కొలంబస్‌లోనో, టాంపాలోనో పౌరసత్వం పొంది ఓటేస్తున్న తెలుగువారికీ ఒక మాట. అధ్యక్ష అభ్యర్థి పేరు దగ్గరే ఆగిపోకండి. బ్యాలెట్‌ను చివరిదాకా చదవండి, సవరణల మీదా ఓటు వేయండి.