కైసరుకు చెల్లవలసినది ఎంత?

రోమా నగరంలోని క్రైస్తవ సంఘానికి పౌలు పత్రిక వ్రాసినది సుమారు క్రీ.శ. 57 ప్రాంతంలో. అప్పటి చక్రవర్తి నీరో. ఆ పత్రిక పదమూడవ అధ్యాయంలో పౌలు అధికారం దైవనియుక్తమనీ, విశ్వాసి దానికి లోబడి మెలగాలనీ, పన్నులు కట్టాలనీ బోధించాడు. నీరో తొలి సంవత్సరాల పాలన అంత క్రూరమైనది కాదంటారు చరిత్రకారులు. కాని క్రీ.శ. 64లో రోము నగరం తగలబడినప్పుడు ఆ నింద క్రైస్తవులపై మోపినవాడూ అతడే. పౌలు కూడా అతని ఏలుబడిలోనే ప్రాణాలు కోల్పోయాడని క్రైస్తవ సంప్రదాయం చెబుతుంది.

వేదం వల్లించినవాడికి ఈ పత్రికతో పనేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. శాంతిపర్వం చదివినవారికి ఇది పరాయి చర్చ కాదు. అక్కడ దండనీతి గురించి భీష్ముడు చెప్పినదానికీ, పాలకుని చేతి ఖడ్గం గురించి పౌలు చెప్పినదానికీ దగ్గరితనం ఉంది. ఇద్దరి దృష్టిలోనూ పాలకుడు ప్రజల మేలుకై నియమితుడు. పదమూడవ అధ్యాయాన్ని ప్రజల నోరు మూయించడానికి వాడుకునేవారు ఈ సగాన్ని దాటవేస్తారు. 1930లలో జర్మనీలో జరిగినది అదే. దాన్ని ప్రతిఘటించిన సంఘాల ప్రతినిధులు 1934 మే నెలలో బార్మెన్‌లో సమావేశమై, సంఘాన్ని రాజ్యానికి అంగంగా మార్చే బోధను తిరస్కరించారు.

పన్ను విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. కైసరుకు పన్ను కట్టవచ్చునా అని అడిగినవారిని యేసు నాణెం చూపమన్నాడు. దానిమీద ఉన్నది కైసరు బొమ్మ. కనుక అది అతనిదే. భక్తి పేరిట బకాయి ఎగవేయడానికి ఆ జవాబులో దారి లేదు. ఇక్కడ మన భద్రాచలం గుర్తుకు వస్తుంది. రామదాసు కీర్తనలకు కరగని హృదయం ఉండదు గాని, ఆయన ఆలయానికి వెచ్చించిన సొమ్ము సర్కారు శిస్తు అనే మాటను మనం త్వరగా మరచిపోతాము. ఐతిహ్యమే ఆ లెక్కను మరువలేదు. రాముడు స్వయంగా వచ్చి తానీషాకు ఆ సొమ్ము చెల్లించాడంటుందే తప్ప, బాకీ లేదని అనదు.

చిక్కు మరోచోట ఉంది. యేసు పేరిట బోధించవద్దని యెరూషలేము మహాసభ ఆజ్ఞాపించినప్పుడు పేతురూ తక్కిన అపొస్తలులూ ఆ ఆజ్ఞను పాటించలేమని నిర్భయంగా చెప్పారు. దేవుని ఆజ్ఞ ముందు మనుషుల ఆజ్ఞ నిలువదన్నది వారి వాదం. అయితే వారు తిరగబడలేదు. కొరడా దెబ్బలు తిని, మరల బోధించసాగారు. తండ్రి ఆజ్ఞను కాదన్న ప్రహ్లాదుడు కూడా తండ్రిపై చేయెత్తలేదు కదా. కాదనడం వేరు, ద్రోహం వేరు.

ఈ భేదాన్ని మన దేశపు న్యాయస్థానం ఒకసారి చాలా చక్కగా గుర్తించింది. కేరళలోని కిడంగూర్ గ్రామంలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు చదువుకునేవారు. వారు పది, తొమ్మిది, అయిదు తరగతుల పిల్లలు. జనగణమన పాడే వేళ వారు లేచి మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కారు. యెహోవాకు చేసే ప్రార్థన తప్ప మరే కార్యంలోనూ పాల్గొనరాదని వారి విశ్వాసం. తక్కిన సంఘాల క్రైస్తవులు జనగణమన నిస్సంకోచంగా పాడతారు, సాక్షుల సిద్ధాంతాన్ని అంగీకరించరు. నాకూ ఆ కారణం సరైనదని తోచదు. దేశాన్ని స్తుతించడం దైవాన్ని తగ్గించడం కాదని నా అభిప్రాయం. అయితే ప్రశ్న నా అభిప్రాయం గురించి కాదు.

ఒక శాసనసభ్యుడు ఈ సంగతి సభలో లేవనెత్తగా విచారణ జరిగింది. పిల్లలు చట్టానికి కట్టుబడి నడిచేవారేననీ, గీతాన్ని అవమానించలేదనీ నివేదిక తేల్చింది. అయినా 1985 జూలై 26న వారిని బడినుండి తొలగించారు. కేరళ హైకోర్టు వారి మొర వినలేదు. సుప్రీంకోర్టులో వ్యాజ్యం విన్న ధర్మాసనానికి నేతృత్వం వహించినది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి వెళ్లిన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జస్టిస్ ఎం.ఎం. దత్ ఆయనతో కూర్చున్నారు. 1986 ఆగస్టు 11న తీర్పు వెలువడింది. గీతాలాపనను అడ్డుకోవడం, సభను భంగపరచడం 1971 చట్టం ప్రకారం నేరాలు. మౌనంగా నిలబడడం వాటిలో ఏదీ కాదు, నిలబడడమే గౌరవం అన్నది ఆ తీర్పు సారం. విద్యాశాఖ ఉత్తర్వులకు పౌరుని ప్రాథమిక హక్కును తగ్గించేంత బలం లేదని కూడా చెప్పి, పిల్లలను తిరిగి చేర్చుకోమని ఆదేశించింది.

మనలో చాలామంది ఇప్పటికీ ఆ తీర్పును మెత్తదనంగా భావిస్తారు. నేను అలా అనుకోను. లోబడవలసిన పౌరుడు లేచి నిలబడి తన వంతు నెరవేర్చాడు. ప్రజల మేలుకై నియమితుడైన పాలకుడు పదేళ్ల పసిపిల్ల చదువు మాన్పించాడు. పౌలు అధ్యాయం చేత పట్టుకుని చూసినా, భీష్ముని ఉపదేశం చేత పట్టుకుని చూసినా, ఆ ఇద్దరిలో ధర్మం తప్పినవాడెవడో తెలియడం కష్టం కాదు. ఆ తీర్పులోనే మరొక చిన్న సంగతి ఉంది. ఆ పిల్లల అక్కలు అంతకు ముందు అదే బడిలో, అదే విధంగా మౌనంగా నిలబడి చదువు సాగించారు. అప్పుడెవరికీ అది పట్టలేదు.