రూతుకు పొలం ఎవరిస్తారు?

రూతు కథ మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. అత్త మీద ఆమెకున్న ప్రేమను మెచ్చుకున్నాం. ఒక్క సంగతి మాత్రం తేలిగ్గా దాటేశాం: రూతు పరదేశి. బెత్లెహేము పొలంలో ఆమె పరిగె ఏరుకున్నది బోయజు జాలిపడినందుకు మాత్రమే కాదు. పొలం అంచులు కోయకుండా బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడే చట్టం చేశాడు. రూతుకు దొరికింది భిక్ష కాదు, హక్కు.

మన కాలపు రూతులు ఎంతో దూరంలో లేరు. విరుదునగర్ జిల్లా కుల్లూర్‌సందైలో, కోవిల్‌పట్టికి అవతల ఎట్టయపురం వైపు తాప్పాత్తిలో శ్రీలంక తమిళ కాందిశీకుల శిబిరాలున్నాయి. 1983 మారణకాండ తర్వాత సముద్రం దాటి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. 2021 నాటికి తమిళనాడులోని వందకు పైగా శిబిరాల్లో సుమారు 58 వేల మంది ఉన్నారు. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం వాటికి 'పునరావాస శిబిరాలు' అని పేరు పెట్టింది. పేరు మారింది, పౌరసత్వం రాలేదు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకమే చేయలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్‌లను తలచుకుంది, శ్రీలంకను మరిచింది. పౌరసత్వం లేనివాళ్లు ఇక్కడ సాగుభూమి కొనలేరు. చుట్టూ సజ్జ, జొన్న, ఊదలు, మినుము, పత్తి పండే నల్లరేగడి ఉన్నా, సేద్యం తెలిసిన స్త్రీకి అందులో దక్కేది కూలి మాత్రమే.

ఇలాగే ఉండాలని ఏమీ లేదు. 1975 తర్వాత లావోస్ నుంచి పారిపోయిన హ్మాంగ్ ప్రజలు అమెరికాలో తాతల నాటి సేద్యాన్నే నమ్ముకున్నారు. మిన్నెసోటాలో హ్మాంగ్ రైతుల సంఘం 155 ఎకరాల పొలాన్ని కుటుంబాలకు పంచి సాగు చేయిస్తోంది. వాళ్ల అమ్మమ్మలు పండించిన కూరగాయలు నగరపు సంతల్లో అమ్ముడవుతున్నాయి. వాళ్లకు పౌరులయ్యే దారి దొరికింది. మన శిబిరాల స్త్రీలకు దొరకనిది అదే. కష్టపడే గుణంలో వాళ్లు ఎవరికీ తీసిపోరు.

"మన పేదలకే భూమి లేదు, పరాయివాళ్లకెందుకు?" అంటారు కొందరు. ఆ మాట అనేవాళ్లను మేమూ ఒకటి అడుగుతాం. 1892 తర్వాత దళితుల కోసం కేటాయించిన పంచమి భూములను ఎవరు కాజేశారు? కాందిశీకులా? అదే నల్లరేగడిలో తెలుగు మాట్లాడే అరుంధతీయులు తరతరాలుగా కూలీలుగానే ఎందుకు మిగిలారు? ఇద్దరినీ భూమికి దూరం చేసింది ఒకే అన్యాయం. ఇద్దరిలో ఒకరిని చూపించి మరొకరి నోరు మూయించవద్దు. జహీరాబాద్‌లో దళిత స్త్రీలు సంఘాలుగా కూడి బీడు నేలల్లో చిరుధాన్యాలు పండించారు. వాళ్లకు తోడుగా నిలిచిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. నేల చేతికందితే స్త్రీ ఏం చేయగలదో మనకు తెలియనిది కాదు.

సహోదరీ సహోదరులారా, క్రిస్మస్‌కు చీర, బియ్యం సంచి పంచి ఫోటో దిగితే మన బాధ్యత తీరదు. సంఘాలకు, మిషన్లకు భూములున్నాయి. ప్రహరీల వెనుక ముళ్లకంప పెరుగుతున్న ఆ ఎకరాల్లో భూమిలేని స్త్రీలు పంట వేసుకునే దారి చట్టప్రకారం ఏముందో మన పెద్దలు వెతికారా? నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నవాళ్లకు పౌరసత్వం ఇవ్వాలని మన సినడ్‌లు ఒక్క తీర్మానమైనా చేయాలని యువత పట్టుబట్టాలి.

భూమి నాది, మీరు నా దగ్గర పరదేశులే అన్నాడు దేవుడు. ఆ మాట పట్టాలున్న మనకే చెప్పాడు.